ప్లేటు మీద సూటిగా ఉన్న జాబ్ కోయగానే ఎందుకు వంగింది?

ప్రశ్న: మాది బాలానగర్‌లో చిన్న మెషీన్ షాపు. రెండు వీఎంసీలు (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషీన్లు), ఒక ఫైవ్ యాక్సిస్ మెషీన్, ఒక వైర్‌కట్ (విద్యుత్ రవ్వలతో లోహాన్ని కోసే సన్న తీగ మెషీన్) ఉన్నాయి. రాకెట్ ఇంజిన్‌కు వాడే ఇన్‌కోనెల్ 718 (నికెల్ మిశ్రమలోహం) మానిఫోల్డ్ (లోపల దారులున్న దిమ్మ) ఒకటి సబ్‌కాంట్రాక్టులో వచ్చింది. సైజు 180×60×20 మి.మీ. లోపల 6 మి.మీ. దారులు నాలుగు వంపులు తిరిగి ఉంటాయి. డ్రిల్లింగ్‌తో కుదరదు కాబట్టి బయట మెటల్ ప్రింటింగ్ (లోహపు పౌడర్‌ను లేజర్‌తో పొర పొరగా కరిగించి ముక్కను కట్టే పద్ధతి) చేయించాం. పడుకోబెట్టి ప్రింట్ చేసి, ముక్క అతుక్కుని ఉన్న ప్లేటుతో సహా పంపారు. హీట్ ట్రీట్‌మెంట్ షీటులో 720 డిగ్రీల దగ్గర 8 గంటలు, తర్వాత 620 డిగ్రీల దగ్గర 8 గంటలు అని ఉంది. మా వైర్‌కట్‌లో కోస్తుంటే, మొదలుపెట్టిన కొసన సందు తెరుచుకుంటూ పోయింది. సగం కోసేసరికి 0.3 ఉండాల్సింది 0.7 మి.మీ. అయింది. పూర్తిగా కోశాక చూస్తే రెండు చివరలూ 0.4 మి.మీ. పైకి లేచి ఉన్నాయి. చివర వేసిన హోల్ దగ్గర 1.2 మి.మీ. గోడకు 0.8 మాత్రమే మిగిలింది. తప్పు ఎక్కడ జరిగింది? ఈ గొడవ లేకుండా మేమే ఒక మెటల్ ప్రింటర్ కొంటే మేలా? మేం చేసే అల్యూమినియం బ్రాకెట్లు కూడా దాంట్లో చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ వైర్‌కట్ తప్పేం లేదు. ఆ సందు తెరుచుకున్నప్పుడే జబ్బు బయటపడింది. ముక్క లోపల బిగుసుకుని ఉన్న స్ట్రెస్‌ను అప్పటిదాకా ప్లేటు పట్టి ఉంచింది. మీరు కోస్తున్న కొద్దీ ఆ పట్టు వదులుతూ వచ్చింది.

లేజర్ ఒక్కో పొరను, అంటే సుమారు 0.04 మి.మీ. మందాన్ని, కరిగించి వదిలేస్తుంది. కరిగిన లోహం క్షణంలో చల్లబడి కుంచించుకోవాలని చూస్తుంది. కింద ఉన్న గట్టి పొర దాన్ని కదలనివ్వదు. అలా ప్రతి పొరా తన కింది పొరను లోపలికి లాగుతూనే ఉంటుంది. వందల పొరలు పేరుకునేసరికి పైభాగం లాగుడులో, లోపలి భాగం నొక్కుడులో ఉండిపోతాయి. ప్లేటు నుంచి వేరు చేయగానే చివరలు పైకి లేస్తాయి. పడుకోబెట్టి ప్రింట్ చేస్తే ఒక్కో పొర వైశాల్యం ఎక్కువ కాబట్టి ఈ లాగుడు మరీ ఎక్కువ.

దీన్ని తీసేయడానికే స్ట్రెస్ రిలీవింగ్ ఉంది. మీకు ఇచ్చిన షీటు స్ట్రెస్ రిలీవింగ్‌ది కాదు. 720, 620 డిగ్రీలు అనేవి 718కి ఏజింగ్ అంకెలు, అంటే లోహాన్ని గట్టిపరిచే పని. ఆ వేడికి స్ట్రెస్ కొంత తగ్గుతుంది కానీ పోదు. పైపెచ్చు ముక్క 45 హెచ్ఆర్‌సీ (గట్టిదనపు కొలత) దాకా గట్టిపడుతుంది. మీరు ప్లేటు కోసిన వేళకు ముక్క బిగువుగానూ ఉంది, గట్టిగానూ ఉంది. మామూలు ఉక్కు అలవాటుతో 600–700 డిగ్రీలు సరిపోతాయని అనుకునేవాళ్లు చాలామంది. 718 విషయంలో అది నేరుగా ఏజింగ్ ప్రాంతంలోకి వెళ్లడమే. ‘కొంచెం పెంచి 870 పెడదాం’ అన్నా ఇంకో చిక్కు. ప్రింట్ చేసిన 718లో నయోబియం చిన్న చిన్న గీతల్లో గుమిగూడి ఉంటుంది. ఆ వేడి దగ్గర అది డెల్టా ఫేజ్ అనే సూదుల్లాంటి నిర్మాణంగా మారి లోహాన్ని పెళుసు చేస్తుంది. అందుకే ప్రింట్ చేసిన 718కి ఉన్న ఏఎస్‌టీఎం ఎఫ్3055 ప్రమాణం స్ట్రెస్ రిలీవింగ్‌ను 1065 డిగ్రీల దగ్గర, 15 అటూ ఇటూగా, గంటన్నర పాటు చేయమంటుంది. అదీ ముక్క ప్లేటు మీద ఉండగానే.

ఈసారి ఆర్డరు పెట్టేటప్పుడు పని వరుసను మీరే రాసి ఇవ్వండి. ‘హీట్ ట్రీట్‌మెంట్ చేసి పంపండి’ అని రాస్తే ఇలాగే అవుతుంది.

ముందు లోపలి దారుల్లో మిగిలిన పౌడర్ మొత్తం తీయాలి. ఈ ఒక్క అడుగు మరిచిపోతే తిరుగు లేదు. 1065 డిగ్రీలకు వెళ్లిన పౌడర్ గడ్డకట్టి గోడకు అతుక్కుపోతుంది, తర్వాత ఏ గాలీ దాన్ని తోయలేదు. ప్లేటును తిప్పుతూ వైబ్రేషన్ ఇచ్చి, ఒక్కో దారిలో ఆర్గాన్ ఊది, చివరికి బోర్‌స్కోప్ అనే సన్నని గొట్టపు కెమెరాతో చూడాలి. వంపుల్లో చూపు ఆనకపోతే ప్లేటుతో సహా తూచండి. క్యాడ్ మోడల్ బరువు, ప్లేటు బరువు కలిపిన లెక్క కన్నా పది ఇరవై గ్రాములు ఎక్కువ వస్తే పౌడర్ ఎక్కడో దాక్కుంది. ఇందుకు ఖాళీ ప్లేటును ప్రింట్‌కు ముందే తూచి ఉంచాలని, సపోర్టుల (ప్రింట్‌లో ముక్కను నిలబెట్టే ఊతల) బరువు కూడా లెక్కలో వేయాలని వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత వ్యాక్యూమ్ లేదా ఆర్గాన్ ఫర్నేస్‌లో 1065 దగ్గర స్ట్రెస్ రిలీవింగ్. దాని తర్వాతే వైర్‌కట్. ఆపైన హెచ్ఐపీ, అంటే వేడిలో అన్ని వైపుల నుంచీ వాయువుతో అదిమే పని: 1120 నుంచి 1185 డిగ్రీల మధ్య, కనీసం 100 మెగాపాస్కల్ ఆర్గాన్ ఒత్తిడిలో మూడు నుంచి ఐదు గంటలు. లోపలి చిన్న బుడగలు, కరగక మిగిలిన సందులు దీంతో మూసుకుంటాయి. అయితే పైకి తెరుచుకున్న పగులును హెచ్ఐపీ మూయలేదు, ఎందుకంటే ఒత్తిడి పెట్టే వాయువే అందులోకి దూరుతుంది. హెచ్ఐపీలో నిదానంగా చల్లారిన ముక్కకు సొల్యూషన్ ట్రీట్‌మెంట్ (బాగా వేడిచేసి వేగంగా చల్లార్చడం) మళ్లీ చేయాలి. అది మెత్తగా ఉన్న ఆ దశలోనే రఫ్ మెషీనింగ్ చేసుకోండి. ఏజింగ్, ఆ తర్వాత ఫినిష్ కట్.

ఏజింగ్‌ను చివర్లో పెట్టినప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 718 ఏజింగ్‌లో కుంచించుకుంటుంది. కడ్డీతో చేసిన 718కి ఇది మిల్లీమీటరుకు సుమారు 0.8 మైక్రాన్, అంటే మీ 180 మి.మీ. పొడవుకు 0.14 మి.మీ. దాకా. హోల్ సెంటర్ల టాలరెన్స్ 0.05 అయితే ఏజింగ్‌కు ముందు ఫినిష్ చేసిన హోళ్లు కచ్చితంగా తప్పిపోతాయి.

ఇక ముక్కను నిలబెట్టే కోణం. 45 డిగ్రీలు వాల్చి ప్రింట్ చేయమనండి. పొర వైశాల్యం తగ్గి లాగుడు తగ్గుతుంది. 6 మి.మీ. దారుల పైకప్పు కూడా తక్కువ జారుతుంది. దీనికి ఖర్చు ఉంది, లెక్క చూడండి. పడుకోబెడితే కింద వదిలే 4 మి.మీ.తో కలిపి ఎత్తు 24 మి.మీ., అంటే 600 పొరలు. వాలిస్తే ఎత్తు 145 మి.మీ. అవుతుంది, పొరలు 3,625. పొరకు పౌడర్ పరిచే టైము 10 సెకన్లే అనుకున్నా 8 గంటలకు పైగా అదనం. 250×250 ప్లేటు ఉన్న మెషీన్‌లో ఆ ఎత్తు నింపడానికి 9 లీటర్ల పౌడర్, అంటే సుమారు 40 కిలోలు కావాలి. పడుకోబెడితే ఏడు కిలోల లోపే. అందుకే రేటు తక్కువ చెప్పేవాళ్లు పడుకోబెడతారు. వాల్చినప్పుడు ప్లేటు మీద నాలుగైదు ముక్కలు ఒకేసారి పెట్టించుకుంటే ఆ అదనపు ఖర్చు పంచుకుపోతుంది.

డ్రాయింగ్‌లో మీరు చేయాల్సిన మార్పులు కూడా ఉన్నాయి. మీరు హోల్ వేసేటప్పుడు ఏ ముఖాన్ని డేటమ్‌గా (కొలతలకు ఆధారంగా) తీసుకున్నారో రాయలేదు. గోడ సరిగ్గా వంపు ఎంతో అంత, 0.4 మి.మీ., తగ్గిందంటే కోసిన అడుగు ముఖాన్నే తీసుకుని ఉంటారు. వంగిన ముఖం మీద జాబ్ కూర్చోబెట్టి తిన్నని హోల్ వేస్తే లోపలి దారి ఎక్కడుందో మెషీన్‌కు ఎలా తెలుస్తుంది? ప్రింట్‌లోనే మూడు డేటమ్ ప్యాడ్లు, పక్కల రెండు బిగింపు చెవులు పెట్టించండి, చివర్లో కోసేయొచ్చు. ప్యాడ్లు దారులకు దగ్గరగా ఉండాలి. ముందు ప్రోబ్‌తో ముక్కంతా తాకి చూసి, దారుల స్థానానికి సరిపడేలా జీరో సర్దుకుని అప్పుడు మొదలుపెట్టండి. మెషీన్ చేసే ప్రతి ముఖానికీ 1 మి.మీ. అలవెన్స్, ప్లేటు వైపు కనీసం 3 మి.మీ. వదలమనండి. వైర్‌కట్ వదిలే కాలిన పొర అందులో పోవాలి. ట్యాపింగ్ (మర వేసే) హోళ్లను అసలు ప్రింట్ చేయించొద్దు. ప్రింట్ చేసిన చిన్న హోల్ పైన జారి కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది, డ్రిల్ దాంట్లో పక్కకు లాగేస్తుంది. ఆ చోటును హోల్ లేకుండా నిండుగా వదిలి మీరే డ్రిల్ చేయడం నయం.

ప్రింటర్ కొనాలా అన్నదానికి మా జవాబు, ఇప్పుడు వద్దు. మెషీన్ ధర కోట్లలో ఉండటం ఒక్కటే కారణం కాదు. ఆ కోట్లు పెట్టాక కూడా మీరు కొన్నది గొలుసులో ఒక లంకె మాత్రమే. వ్యాక్యూమ్ ఫర్నేస్, జల్లెడ స్టేషన్, ఆర్గాన్ సరఫరా, టెస్టింగ్ ఇవన్నీ వేరే. వాటికన్నా పెద్దది రుజువు చేయడం. విమానం, రాకెట్ పనిలో కస్టమర్ లోహపు ముక్క కన్నా ముందు ‘ఈ మెషీన్, ఈ పౌడర్, ఈ సెట్టింగులతో ప్రతిసారీ ఇదే లోహం వస్తుంది’ అనే రుజువు అడుగుతాడు. ఒక మెషీన్ మీద సంపాదించిన ఆ రుజువు పక్కనున్న అదే మోడల్ మెషీన్‌కు కూడా చెల్లదు. దాన్ని విడిగా క్వాలిఫై చేయాలి. సాఫ్ట్‌వేర్ మార్చినా, లేజర్ మార్చినా మళ్లీ కొంత పని తప్పదు.

సెట్టింగుల మాటకొస్తే, మెషీన్ అమ్మేవాళ్లు ‘ఎనర్జీ డెన్సిటీ’ అనే అంకె చూపిస్తారు. ఉదాహరణకు 718కి 285 వాట్లు, సెకనుకు 960 మి.మీ. వేగం, గీతల మధ్య 0.11 మి.మీ., పొర 0.04 మి.మీ. అనుకుంటే ఘన మిల్లీమీటరుకు 67 జౌళ్లు వస్తుంది. ఆ అంకెను నమ్ముకోవద్దు. పవర్, వేగం రెండూ ఒకే నిష్పత్తిలో పెంచినా అదే 67 వస్తుంది, లోహం మాత్రం వేరుగా తయారవుతుంది. శక్తి చాలకపోతే పొరల మధ్య కరగని సందులు మిగులుతాయి. అవి చదునుగా, మొనలు తేలి ఉంటాయి కాబట్టి ఫెటీగ్ (పదేపదే పడే ఒత్తిడి) పగులు అక్కడే మొదలవుతుంది. శక్తి ఒకేచోట ఎక్కువైతే కరిగిన గుంట లోతుగా బావిలా మారి, అడుగున గుండ్రటి బుడగ చిక్కుకుపోతుంది. మొదటిదే ఎక్కువ ప్రమాదం.

పౌడర్‌ది ఇంకో లోకం. సాధారణంగా 15 నుంచి 45 మైక్రాన్ల గింజలు వాడతారు. మిగిలినదాన్ని జల్లించి మళ్లీ వాడతారు, వాడిన కొద్దీ ఆక్సిజన్ పెరుగుతుంది. టైటానియం 6–4 అనే మిశ్రమలోహంలో గ్రేడ్ 5కు ఆక్సిజన్ హద్దు 0.20 శాతం, గ్రేడ్ 23కు 0.13. ఆ హద్దు దాటితే అది స్క్రాపే. ఒకే మెషీన్‌లో ఈ వారం అల్యూమినియం, వచ్చే వారం నికెల్ అనే ఆలోచన రానివ్వకండి. లోపలి ప్రతి మూలా శుభ్రం చేశామనుకున్నా ఎక్కడో గింజలు మిగులుతాయి. పౌడర్‌లో మలినం ఎంత పని చేస్తుందో 2023లో ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల వ్యవహారం చూపించింది. అవి ప్రింట్ చేసినవి కావు, పౌడర్‌ను అదిమి, ఫోర్జ్ చేసిన డిస్కులు. అయినా మన ఇండిగో విమానాలతో సహా ప్రపంచమంతా ఎన్నో విమానాలు తనిఖీల కోసం నేల మీద నిలబడాల్సి వచ్చింది.

మరి ఈ రంగంలో మీకు చోటు లేదా అంటే, ఉంది. మీ చేతిలో ఉన్న సగమే ప్రింట్ చేసేవాళ్లకు లేని సగం. పలుచని గోడలు, అడ్డదిడ్డపు ఆకారం, సూటి ముఖం ఒక్కటీ లేని ముక్కను పట్టుకుని 0.02 మి.మీ.లో ఫినిష్ చేయడం లేజర్‌కు చేతకాదు. ఫిక్చర్ కట్టగలవాడు, వైర్‌కట్ ఉన్నవాడు, ప్రోబింగ్ తెలిసినవాడు కావాలి. ప్లేటుతో సహా తీసుకుని ఫినిష్ చేసి, కొలత రిపోర్టుతో ఇచ్చే పని ఒక ఏడాది చేయండి. ఏ బిల్డ్ బాగుందో, ఏది బాగోలేదో ముక్కను కోస్తేనే తెలిసిపోయే అనుభవం వస్తుంది. అప్పుడు మెషీన్ కొనాలా వద్దా అన్నది మీరే చెప్పగలరు. పరీక్షలు, పౌడర్ సంగతులకు బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ మీకు దగ్గరే. పౌడర్ మెటలర్జీ ఆ సంస్థ పేరులోనే ఉంది.

పని వస్తుందా అనే అనుమానం అక్కర్లేదు. ఇస్రో పీఎస్ఎల్‌వీ నాలుగో దశ పీఎస్4 ఇంజిన్‌ను ప్రింటింగ్‌కు తగ్గట్టు మళ్లీ డిజైన్ చేసి, 2024 మే 9న మహేంద్రగిరిలో 665 సెకన్లు మండించి చూసింది. 14 భాగాలు ఒకే ముక్కయ్యాయి, 19 వెల్డింగులు పోయాయి. పాత పద్ధతిలో ఇంజిన్‌కు 565 కిలోల ముడిలోహం పట్టేది, ఇప్పుడు 13.7 కిలోల పౌడర్ సరిపోయింది. అదే నెల 30న చెన్నై అగ్నికుల్ సంస్థ ఒకే ముక్కగా ప్రింట్ చేసిన ఇంజిన్‌తో శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగరేసింది. హైదరాబాద్ స్కైరూట్ కూడా తన ధవన్ ఇంజిన్లకు ప్రింటింగే వాడుతోంది.

ఈ ఉదాహరణల్లోనే మీ అల్యూమినియం బ్రాకెట్ల ప్రశ్నకు జవాబుంది. జీఈ సంస్థ లీప్ ఇంజిన్ ఫ్యూయల్ నాజిల్ కొనను ప్రింట్ చేసింది కొత్తదనం కోసం కాదు. దాదాపు 20 చిన్న భాగాలను అతికించే పని పోయింది, బరువు 25 శాతం తగ్గింది. లోపల దారులో, అతుకులో, దండగయ్యే లోహమో ఉన్నచోటే ప్రింటింగ్ డబ్బు తెస్తుంది. మూడు పాకెట్లు, నాలుగు హోళ్లు ఉన్న బ్రాకెట్ మీ వీఎంసీలో గంట లోపు పని. దాన్ని ప్రింట్ చేస్తే రోజు పడుతుంది, ఆ తర్వాత మళ్లీ మీ వీఎంసీకే రావాలి. వదిలేయండి.

కాగితాల సంగతి మీరు అడగలేదు కానీ, ఈ మానిఫోల్డ్ ఇంజిన్‌లోకి వెళ్తుంది కాబట్టి చెప్పాలి. ప్రింట్ చేసినవాళ్ల నుంచి పౌడర్ లాట్ సర్టిఫికెట్, ఆక్సిజన్ రీడింగులతో బిల్డ్ లాగ్, థర్మోకపుల్ (వేడిని కొలిచే సాధనం) గ్రాఫుతో ఫర్నేస్ చార్టు తీసుకోండి. టైపు చేసిన షీటు చాలదు, ముక్క నిజంగా ఎంత వేడిలో ఎంతసేపు ఉందో గ్రాఫే చెబుతుంది. ముక్కతో పాటు అదే ప్లేటు మీద కనీసం ఆరు టెన్సైల్ (లాగి బలం పరీక్షించే) కడ్డీలు నిలువుగా ప్రింట్ చేయించండి. పొరల మధ్య అతుకు బలం నిలువు కడ్డీలోనే బయటపడుతుంది. అవి కూడా ముక్కతో పాటే ఫర్నేస్‌కు వెళ్లాలి. కస్టమర్ ఏఎంఎస్ 7003 ప్రమాణం అనో, నాసా 2021లో తెచ్చిన ఎస్‌టీడీ–6030 అనో రాసి ఉంటే, ఒప్పుకునే ముందే దాన్ని చదివి, ఏ క్లాస్ (ముఖ్యత స్థాయి) ముక్కో అడగండి. క్లాసును బట్టి టెస్టుల సంఖ్య, దానితో మీ ఖర్చు మారిపోతాయి. సైనిక విమానాల పని అయితే సెమిలాక్ (సైనిక విమానాల భాగాలకు ఆమోదమిచ్చే సంస్థ) ఆమోదం దారి వేరు, అది సాధారణంగా మీ కస్టమర్ నడిపిస్తాడు.

సీటీ స్కాన్ ఉందిగా అని ధీమా పడొద్దు. 180 మి.మీ. ముక్కను 2,000 పిక్సెళ్ల డిటెక్టర్ మీద ఒకే స్కాన్‌లో పట్టిస్తే ఒక్కో చుక్క 0.09 మి.మీ. అవుతుంది. కనీసం మూడు చుక్కల వెడల్పు ఉంటేగానీ లోపాన్ని లోపమని చెప్పలేం. అంటే 0.27 మి.మీ. కన్నా చిన్నవి తప్పించుకుంటాయి. ఇన్‌కోనెల్ మందంలోంచి ఎక్స్‌రే సులువుగా దూరదు కూడా. దారిలో పౌడర్ మిగిలిందా, గోడ మందం సరిపోయిందా చూడటానికి సీటీ బాగా పనికొస్తుంది. సన్న పగుళ్లకు, ముఖాలు ఫినిష్ చేశాక ఫ్లోరసెంట్ పెనెట్రెంట్ టెస్టు (పగుళ్లలోకి దూరి మెరిసే ద్రవంతో చేసేది) వేరే చేయించాలి.

ఇంకొకటి, మీ షాపు భద్రత. పౌడర్ అంటుకుని వచ్చిన ప్లేటును ఎయిర్ గన్‌తో ఊదొద్దు, నికెల్ ధూళి ఊపిరితిత్తులకు హాని. కుర్రాళ్లకు పీ3 స్థాయి మాస్కు, గ్లవుజులు ఇప్పించండి. రేపు టైటానియం, అల్యూమినియం ప్లేట్లు వస్తే మామూలు వ్యాక్యూమ్ క్లీనర్ దగ్గరికి రానివ్వకూడదు, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ మంట మీద నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ పనికిరావు. పొడి ఇసుక గానీ, డి క్లాస్ సిలిండర్ గానీ చేతికందేలా ఉంచండి.

చివరగా, వంగిన ముక్క. దాన్ని ప్రెస్ మీద పెట్టి సరిచేద్దామని అనిపిస్తుంది, ఆ పని చేయొద్దు. ఏజింగ్ అయిన 718ని చల్లగా వంచితే కొత్త స్ట్రెస్ చేరుతుంది. 0.8 మి.మీ.కి తగ్గిన గోడ ఎలాగూ తిరిగి రాదు. దాన్ని ఇంజిన్‌కు పంపే మాట మరిచిపోయి, కస్టమర్‌కు చెప్పి, మీ వైర్‌కట్‌లోనే ముక్కలు చేయండి. దారి వంపు తిరిగే చోట అడ్డంగా ఒకటి, రెండు దారులు దగ్గరపడే చోట ఒకటి, ప్లేటుకు అంటిన వైపు నిలువుగా ఒకటి. ఈ మూడింటినీ మౌంట్ చేసి, పాలిష్ చేసి, మైక్రోస్కోప్ కింద వంద రెట్లలో చూపించండి. పొరల వెంట చదునైన నల్ల గీతలు కనిపిస్తే, ఫర్నేస్ సరిచేసినంత మాత్రాన చాలదు. రెండో బిల్డ్‌కు ముందే వాళ్ల లేజర్ సెట్టింగుల గురించి కూడా కూర్చుని మాట్లాడాలి.